వైపుకు నాలుగు

"నడుము జారింది. మళ్ళీ మొదటి నుంచి" అన్నాడు కోదండరాం.

సెల్వం అరచేతులు దులుపుకుని మళ్ళీ నేలకి వంగాడు.

మద్రాసు రాయపురంలో కార్పొరేషన్ మైదానం. పొద్దున ఆరు. ఆర్నెల్లుగా ఇద్దరిదీ ఇదే వరస. సెల్వం ఐసు ఫ్యాక్టరీలో ఫిట్టరు, నలభై దాటినవాడు. కోదండరాం బళ్ళో డ్రిల్లు మాస్టరుగా చేసి రిటైరయ్యాడు. ఉద్యోగం పోయింది గానీ అజమాయిషీ పోలేదు.

నేర్పుతున్నది ఆర్చర్ పుషప్. చూడ్డానికి సులువే, చెయ్యబోతే తాతలు దిగొస్తారు. చేతులు బాగా ఎడంగా ఆనించాలి. ఒక మోచెయ్యి వంచి ఛాతీని ఆ పక్కకే దించాలి. రెండో చెయ్యి విల్లు పట్టినట్టు చాచే ఉండాలి. తల నుంచి మడమల దాకా ఒళ్ళు పలకలా నిలవాలి. వైపుకు నాలుగు, మొత్తం ఎనిమిది. సెల్వం ఏనాడూ ఏడు దాటలేదు.

"రేపట్నుంచి రాను మాస్టర్. తూత్తుకుడిలో పని దొరికింది. రాత్రి రైలుకి పోతున్నా."

"మంచిది" అన్నాడు కోదండరాం.

భార్య కోకిల పోయి మూడేళ్ళు. పిల్లలు లేరు. "యాడుండావయ్యా, కాఫీ ఆరిపోతా ఉంది" అని పిలిచే గొంతు ఆగిపోయాక ఇంట్లో తెలుగు వినబడలేదు. అక్కడక్కడా మిగిలిన చుట్టాలు కూడా నోరు తెరిస్తే అరవమే. మూడు తరాలుగా మద్రాసులో ఉన్నవాడికి అరవం కొత్త కాదు, నీళ్ళు తాగినంత తేలిక. అయినా కడుపులో మాట అందులో చెబితే, చెప్పినట్టే ఉండదు.

ఈ మైదానంలో మాట్లాడిందంతా అరవమే. అదీ మోచేతుల గురించి, ఊపిరి గురించి. పేరు సెల్వం, నుదుట మూడు విభూతి రేకలు. ఆ మనిషి దగ్గర తెలుగెక్కడ వెతుక్కుంటాడు?

నువ్వు రాకపోతే నాకు తెల్లారదయ్యా అని చెప్పాలని ఉంది. మనసులోనే అరవంలోకి మార్చి చూసుకున్నాడు. ఎవరో పరాయివాడు అన్నట్టుంది. మింగేశాడు.

"చివరిసారి. కానియ్యి" అన్నాడు.

రోజూ లెక్క కోదండరామే పెట్టేవాడు. ఇవాళ ఆ అంకెలు తన నోటితో అనబుద్ధి కాలేదు.

"లెక్క నువ్వే పెట్టుకో. పైకి అను. ఊపిరి బిగబట్టకుండా ఉంటావు."

"సరి మాస్టర్."

సెల్వం కుడివైపుకి దిగాడు. ఎడమ చెయ్యి చాచే ఉంది. "ఒణ్ణు" అని అరవంలో లెక్క మొదలెడుతూ లేచాడు. ఎడమవైపుకి మారాడు. నడుము జారలేదు. నాలుగయ్యేసరికి చెమట ముక్కు మీంచి కారింది. ఆరుకి చెయ్యి వణికింది.

"ఏళు" అన్నాడు ఎగశ్వాసతో.

కోదండరాం పక్కన మోకాళ్ళ మీద కూర్చున్నాడు. పడిపోతాడనే అనుకున్నాడు. పడిపోతే ఇంకోసారి చెయ్యమనొచ్చు, ఇంకో అయిదు నిమిషాలు ఉంటాడు.

సెల్వం ఎడమవైపుకి దిగాడు. ఛాతీ మట్టిని తాకీ తాకనట్టు నిలిచింది. మెడ నరాలు పొంగాయి. అంగుళం అంగుళం లేస్తూ, ఒంట్లో ఉన్న ఓపికంతా అయిపోయిన చోట, పళ్ళ బిగువున ఆ ఆఖరి అంకె అనేశాడు.

"ఎనిమిది రా నాయనా."