పాత్రలో జీవించిన పెద్దాయన

“ఇంకా రాలేదేం ఈ పేషెంటు?” అని మేడమ్ విసుక్కునేలోపే తలుపు దగ్గర ఓ పెద్దాయన కనిపించాడు.

“నేనేనమ్మా పేషెంటుని.”

“హమ్మయ్య! రండి, కూర్చోండి.”

ఆసుపత్రి పై అంతస్తులో ఉన్న ఫార్మసీ కాలేజీకి ఆవిడ ప్రిన్సిపాల్. మందులు తీసిచ్చే పని రేపోమాపో యంత్రాలే చేసేస్తాయనీ, ఇక ఫార్మసిస్టులు బతికి బట్టకట్టాలంటే రోగులతో మాట్లాడటం నేర్చుకోవాల్సిందేననీ ఆవిడ నమ్మకం. అందుకే ఈ కొత్త క్లాసు. నాటకాలవాళ్ళు వచ్చి రోగుల్లా నటిస్తారు. పిల్లలు వాళ్ళ కళ్ళలోకి చూస్తూ, నవ్వుముఖంతో బాధలు అడగాలి. నవ్వుకి విడిగా మార్కులు.

మొదటి కుర్రాడు పళ్ళన్నీ కనిపించేలా నవ్వాడు. “మీ బాధ నాకు పూర్తిగా అర్థమైంది సార్.”

“నేనింకా చెప్పనేలేదే?” అన్నాడు పెద్దాయన.

క్లాసంతా గొల్లుమంది. ‘ఎంత సమయస్ఫూర్తి!’ అని మేడమ్ మురిసిపోయింది.

తర్వాత ‘గుసగుస’ వంతు. గొంతు పెగలదని తోటిపిల్లలు ఆ అమ్మాయికి పెట్టిన పేరది.

“ఏమిటండీ ఇబ్బంది?”

“లేస్తే కళ్ళు తిరుగుతున్నాయి తల్లీ. ఈ కాళ్ళు చూడు.”

గుసగుస వంగి చీలమండ మీద వేలితో నొక్కింది. సొట్ట పడి అలాగే ఉండిపోయింది.

“అబ్బ! మేకప్ ఎవరు వేశారండీ?” అంది మేడమ్.

“దానంతటదే వచ్చిందమ్మా.”

పెద్దాయన జేబులోంచి మాత్రలు తీశాడు. గుసగుస రెండు అట్టల్ని పక్కపక్కన పెట్టి చూసింది.

“ఇవి ఇద్దరు డాక్టర్లు రాశారా? పేర్లే వేరండీ. రెండింటిలోనూ ఉన్నది ఒకే బీపీ మందు. మోతాదు రెట్టింపు పడుతోంది. వీటిని పట్టుకుని ఇవాళే డాక్టరుగారి దగ్గరికి వెళ్ళండి. ఏది ఆపాలో చెబుతారు.”

“ఇంకోసారి చెప్పు తల్లీ.”

ఆమె ఓపిగ్గా మళ్ళీ చెప్పింది. పెద్దాయన కళ్ళు తుడుచుకున్నాడు.

“గ్లిజరిన్ కూడా లేకుండా!” అని పక్కనున్న లెక్చరర్ చెవిలో ఊదింది మేడమ్. నవ్వడం మరిచిపోయినందుకు గుసగుసకి మాత్రం మార్కులు కోసేసింది.

మరుసటి వారం పెద్దాయన మళ్ళీ వచ్చాడు. నడకలో తడబాటు లేదు. కాళ్ళకి వాపూ లేదు.

“ఇవాళ మేకప్ వేసుకోలేదేం?”

“ఇక దాంతో పనిలేదమ్మా. డాక్టరు ఒక మాత్ర మానిపించాడు. ఆ పిల్లతో ఓ మాట చెప్పిపోదామని వచ్చాను.”

మేడమ్ ఉబ్బితబ్బిబ్బయింది. పోయిన వారం పాత్రని ఈ వారం దాకా మోసుకొచ్చిన నటుణ్ణి ఆవిడ ఎక్కడా చూడలేదు.

“మీకు సన్మానం చేసి తీరాలి. ఇంతకీ మీది ఏ నాటక సమాజం?”

పెద్దాయన కంగారుగా లేచి చేతులు జోడించాడు.

“నాకు నాటకాలెక్కడ వచ్చమ్మా, కింద మందుల కిటికీ దగ్గర రెండు ముక్కలు అడగబోతే పక్కకి జరగమన్నారు, పైన ఉత్తుత్తి పేషెంట్లకైతే కూర్చోబెట్టి అన్నీ చెబుతున్నారంటే, మీ నటుణ్ణి మెట్ల మీదే బతిమాలి పంపేసి నేనొచ్చి కూర్చున్నాను!”