రెండో గది రేకులు

దమ్మపేట దాటాక అడవి అంచు తండాలో, అంగన్‌వాడీ మొదటి గది రేకుల మీద ఉదయ్ భాస్కర్ వెండిలా మెరిసే ఫిల్మ్ అంటిస్తున్నాడు. కింద ఒక ముసలమ్మ గుడ్డు పెంకులు ఏరుకుంటోంది.

“వెండి కాగితమా సారూ?”

“మా ల్యాబ్‌లో తయారుచేసిన పొరమ్మా. ఎండను వెనక్కి పంపుతుంది. రేకుల వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. కరెంటు అక్కర్లేదు.”

“ఆకాశం తీస్కుంటదా?”

“ఎంతిచ్చినా తీసుకుంటుంది.”

“మరి రెండో రూముకేది?”

“దానికి వెయ్యం. తేడా ఎంతో కొలవాలిగా.”

“ఆ రూముల పిల్లలకు ఎండ కొట్టదా?”

అతను నిచ్చెన దిగాడు. రెండు గదుల్లో థర్మామీటర్లు పెట్టి హైదరాబాద్ వెళ్లిపోయాడు. అది ఫిబ్రవరి.

ఏప్రిల్‌లో మళ్లీ వచ్చాడు. మధ్యాహ్నం రెండు. బయట నలభై రెండు డిగ్రీలు. ఫిల్మ్ వేసిన గదిలో ముప్పై ఐదు. వట్టి రేకుల గదిలో నలభై నాలుగన్నా ఉండాలి. ముప్పై ఆరు ఉంది.

థర్మామీటరు మార్చాడు. అదే ముప్పై ఆరు.

నిచ్చెన ఎక్కాడు. రెండో గది రేకులు తెల్లగా ఉన్నాయి.

“ఎవరు పూశారిది? నా ప్రయోగమంతా పాడైంది!”

టీచర్ శ్రావణి కింద నిచ్చెన పట్టుకుంది. ఆమె జనవరిలోనే కొత్తగా చేరింది.

“బాలి అని ఒక ముసలామె సార్. రోజూ పెంకులకు వస్తుండె. కోళ్లకేమో అనుకున్న. చూస్తే, నూరి సున్నంల కలిపి, ఏదో చెట్టు బంక పోసి, రేకులకు పూస్తుంది. వద్దంటే ఇనదు. జర మతి తప్పిందనుకున్న.”

ఉదయ్ భాస్కర్ గోటితో గీకాడు. పూత ఊడలేదు. రేకు మీద అరచెయ్యి పెట్టాడు. కాలలేదు.

“ఏ చెట్టు బంక?”

“ఎవరికెరుక సార్.”

“ఆమెను పిలవండి.”

“పోయిన వారం చనిపోయింది సార్. వడదెబ్బ తగిలింది.”

“ఇంట్లో ఆ పూత కొంచెమైనా మిగిలిందేమో...”

“లేదు సార్. ఆమె ఇంటి రేకులకే పూసుకోలే. పెంకులు ఈ రూముకే సరిపోయినయంట.”

బ్లేడుతో కొంత పూత గీకి కవర్లో వేశాడు. కవరు మీద పేరు రాయాలి.

“పూర్తి పేరు?”

“భూక్యా బాలి.”

రాస్తూ ఆగాడు. బ్యాగులోంచి ఫైలు తీశాడు. మొదటి కాగితం ఒక దరఖాస్తు. అది చదివాకే ల్యాబ్‌వాళ్లు ఇరవై ఊళ్లలోంచి ఈ తండాను ఎంచుకున్నారు.

‘రెండో రూములో రేకుల కింద పిల్లలు కూర్చోలేకపోతున్నారు. ఏదన్నా చెయ్యండి.’

కింద వేలిముద్ర, దాని పక్కన పేరు: భూక్యా బాలి, రిటైరైన ఆయా.