జనరల్ గారి వారసులు

"నా గుడ్లేవి అత్తయ్యా?"

దెమెత్రియో కేకకి వాకిట్లో మునగాకు దూస్తున్న అత్తగారు బసీలియా తల కూడా ఎత్తలేదు. చూరుకు వేలాడుతున్న వెదురు గంపలో పెట్ట ఖాళీ గడ్డి మీద గింగిరాలు తిరుగుతోంది. పెట్ట పెట్టింది పన్నెండు. గంపలో మిగిలింది గుండు సున్నా.

"సాంతా క్లారా మఠం సిస్టర్లకి ఇచ్చొచ్చా," అందావిడ తాపీగా. "శనివారం నీ కూతురి పెళ్లి. చూడబోతే జూన్ నెల. ఆనవాయితీ ప్రకారం వాళ్లకి గుడ్లు మొక్కకపోతే వాన ఆగుతుందా?"

"మొక్కడానికి అంగట్లో గుడ్లే దొరకలేదా?"

"ఇంటి గుడ్డయితే గట్టి మొక్కు."

"అవి గుడ్లు కావండీ బాబూ! జనరల్ బిడ్డలు!"

జనరల్ అంటే సైన్యంలో మనిషి కాదు. బరిలో తొమ్మిదిసార్లు గెలిచి, నెల కిందట పాము కాటుకి పోయిన దెమెత్రియో పందెం పుంజు. ఆ వంశానికి మిగిలిన ఆఖరి ఆశ ఆ పన్నెండు గుడ్లే. పెట్ట పంతొమ్మిది రోజులుగా మేత కూడా మరిచి వాటిని పొదుగుతోంది. ఇంకో రెండు రోజులు ఓపిక పడితే ఇంటినిండా బుల్లి జనరళ్లు కవాతు చేసేవాళ్లు. ఈలోగా అత్తగారికి భక్తి పొంగింది.

"ఎప్పుడిచ్చారు?"

"ఇందాకే. నువ్వు స్నానానికి వెళ్లినప్పుడు."

అంటే ఇంకా వెచ్చగానే ఉంటాయి! దెమెత్రియోకి ఆశ పుంజుకుంది. దానికంటే ముందు కోపం పుంజుకుంది.

"గద్ద అయినా పిల్లలు బయటికొచ్చేదాకా ఆగుతుంది అత్తయ్యా! మీకు ఆ పాటి మర్యాద కూడా లేకపోయింది!"

"అను నాయనా, అను," అంది బసీలియా ఇంకో రెమ్మ అందుకుంటూ. "ఇంకేమన్నా మిగిలుంటే అదీ అనేయ్."

తిరిగి తిట్టని అత్తని తిట్టడమంత చికాకు లోకంలో మరొకటి లేదు. దెమెత్రియో పళ్లు కొరుక్కుంటూ గంపొకటి చంకన పెట్టుకుని, ట్రైసికిల్ ఆటో ఎక్కి, డ్రైవరుని కూడా నాలుగు తిట్టి, మఠం దగ్గర దిగాడు.

ఆ మఠంలో సిస్టర్లు బయటి మనిషికి కనపడరు. గోడలో చెక్క పీపా లాంటి అర ఒకటి గుండ్రంగా తిరుగుతుంది. ఇటు పెట్టింది అటు పోతుంది, అటు పెట్టింది ఇటొస్తుంది. మిగతాదంతా మాటల మీదే.

"సిస్టర్! ఇందాక ఓ ముసలావిడ పన్నెండు గుడ్లు ఇచ్చింది. అవి కాస్త ఇచ్చేయండి!"

పీపా తిరిగింది. అందులో ఒక జపమాల.

"జపమాల కాదు సిస్టర్, గుడ్లు!"

పీపా మళ్లీ తిరిగింది. ఈసారి జామపండు జెల్లీ సీసా.

"గుడ్లూ!" అని దెమెత్రియో అరిచిన అరుపుకి మఠం కప్పు మీద పావురాలన్నీ ఒక్కసారి లేచిపోయాయి.

"అరవకు నాయనా, వినపడింది," అంది లోపలి గొంతు. "మొక్కు వెనక్కి ఇమ్మనేవాళ్లు జపమాలతోనో జెల్లీతోనో సర్దుకుపోతారేమోనని చూశాను. పెళ్లి ఎవరిది?"

"నా కూతురిదే."

"కూతురి పెళ్లిలో వాన పడినా ఫరవాలేదనే తండ్రిని ఇదే మొదటిసారి చూడ్డం. చూడ్డమంటే, వినడం."

"వాటిలో పిల్లలున్నాయి సిస్టర్! చల్లబడితే చచ్చిపోతాయి. కావాలంటే బదులుగా రెండు అట్టల గుడ్లు తెచ్చిస్తా. మూడు అట్టలు!"

"పిల్లలున్నాయని గుడ్డు వెనక దీపం పెట్టి చూశావా?"

"అయ్యయ్యో! పిల్ల బయటికొచ్చేదాకా గుడ్డు మీద దీపం వెలుగు పడకూడదు. మా నాన్న నాటినుంచీ మాకదే పట్టింపు."

"అంటే చూడకుండానే నమ్మావన్నమాట," గొంతు మెత్తబడింది. "నువ్వు ఉండాల్సింది లోపల నాయనా. పొరపాటున బయటున్నావు."

దెమెత్రియో గోడకేసి తల కొట్టుకుందామనుకున్నాడు. అది మఠం గోడ కాబట్టి ఆగాడు.

చాలాసేపటికి పీపా కిర్రుమంటూ తిరిగింది. అత్తగారి ఎర్ర తువాలులో పన్నెండు గుడ్లు! ఒక్కొక్కటీ చెంపకి ఆనించి చూసుకున్నాడు. కొంచెం వెచ్చదనం ఇంకా ఉంది. "మీ నాన్న పేరు నిలబెట్టాలి రా," అన్నాడు గుడ్లతో. తువాలు ముడి వేయబోతుంటే అడుగున మడత పెట్టిన చీటీ కనిపించింది.

"సిస్టర్, ఇందులో ఏదో కాగితం ఉండిపోయింది."

"మొక్కు చీటీ. సాయంత్రం ప్రార్థనలో విప్పి చదువుతాం. కానుక వెనక్కిస్తే చీటీ కూడా వెనక్కే నాయనా."

ఎండ కోసం ఈ మహాతల్లి ఎంత గొప్పగా వేడుకుందో చూద్దామని దెమెత్రియో మూతి వంకర పెట్టుకుని చీటీ విప్పాడు. కోడి కెలికినట్టున్న అత్తగారి రాత.

"సిస్టర్, పెళ్లికి ఎండ కోసం రేపు మంచి గుడ్లు తెస్తాను. ఇవి మాత్రం వండుకోకండి, మురిగిపోయాయి. మొన్న మా అల్లుడు సంతకి వెళ్లినప్పుడు గది చీకటి చేసి దీపం పెట్టి చూశాను. ఒక్కదాన్లోనూ పిల్ల లేదు. పుంజు పోయినప్పుడే మూడు రోజులు అన్నం ముట్టలేదు వాడు. ఈ సంగతి వాడికి ఎప్పటికీ తెలియకుండా చూడమని నా మొక్కు. దిగులు పడితే వాడు తిండి మానేస్తాడు, నా మీద కోపమొస్తే మాత్రం రెండు పళ్లేలు తింటాడు."