చెంబెడు నీళ్లు

భార్య పంకజాక్షి చెడ్డ నక్షత్రంలో పోయిందని అయ్యవారు చెప్పడంతో కుప్పయ్య ఇంటికి ఆరు నెలలు తాళం వేసి, ఎదురింట్లో బాడుగకు చేరాడు. పోతూ పోతూ కొళాయి కట్టేశాడు, బకెట్లు బోర్లించాడు. ఆమె పెంచిన పిల్లి అతని వెంట వచ్చింది.

ఆ పిల్లికి టాయిలెట్ మీద కూర్చోవడం పంకజాక్షే నేర్పింది. పని అయ్యాక ఆమె చెంబెడు నీళ్లు పోసేదాకా అది కిందికి దిగేది కాదు. నీళ్లు పోయడం మరిచే మొగుణ్ణి, "నీకు రాని బుద్ధి పిల్లికొచ్చిండాది సూడు," అని దెప్పేది.

కొత్త చోటు పిల్లికి నచ్చలేదు. చీకటి పడగానే పాత ఇంటి వెంటిలేటర్‌లోంచి లోపలికి దూరేది. ఒక రాత్రి కుప్పయ్య దాని వెనకే వెళ్లి గోడవారన నిలబడ్డాడు. లోపల గోళ్లు గీరిన చప్పుడు, కాసేపు నిశ్శబ్దం. ఆ తర్వాత ఎవరో చెంబెడు నీళ్లు పోశారు. పిల్లి తడికాళ్లతో బయటికి వచ్చింది.

రోజూ వెళ్లి విన్నాడు. గడువు తీరకముందే తలుపు తీస్తే నిండు చూలాలైన కూతురికి కీడన్నారు అయ్యవారు. నీళ్లు పోసే చేతికి కూడా దోషం ఉంటుందా స్వామీ, అనుకున్నాడు. పిల్లి కోసం వచ్చే మనిషి తనను ఒక్కసారి పలకరించకూడదా?

చివరికి ఉండబట్టలేక వెంటిలేటర్ దగ్గర నోరు పెట్టి, "పంకజా, నేను గూడా ఈడే ఉండాను మే," అన్నాడు.

లోపల చెంబు నేలమీద పెట్టిన చప్పుడైంది. నీళ్లు పడలేదు.

తాళంచెవి పిడికిట్లో పట్టుకుని కుప్పయ్య గోడకు ఆనుకుని కూర్చున్నాడు. లోపల పిల్లి నీళ్ల కోసం తెల్లవార్లూ అరుస్తూనే ఉంది.