మోతకు మోత

"ఎవరతను, నివాల్దో?" అంది జసీరా.

మేస్త్రీ నివాల్దో పార ఆపకుండానే తలెత్తి అటు చూశాడు. ఎవరో తల నెరిసిన మనిషి. నెత్తిన గుడ్డ చుట్టకుదురు, దాని మీద నిండు కాంక్రీటు డబ్బా పెట్టుకుని నిచ్చెనెక్కుతున్నాడు.

"మన కొండ మనిషి కాదు వదినా."

సాల్వదోర్ నగరపు కొండల మీద స్లాబుకు కూలి ఉండదు. మోతకు మోతే. నా స్లాబుకు నువ్వొస్తే నీ స్లాబుకు నేనొస్తా. పనయ్యాక నల్లచిక్కుళ్ళూ పందిమాంసమూ ఉడికిన కుండ దించుతారు. ఎవరికి మోశామో చెప్పుకోవడం మాత్రం సిగ్గు.

జసీరా మొగుడు వల్దెమార్ ఉన్నన్నాళ్ళూ ఆదివారమొస్తే ఎటో పోయి మోసొచ్చేవాడు. ఒకసారి ఒంటి మీద చొక్కా లేకుండా వచ్చాడు.

"నేను ఎర్రదారంతో గుండీలు కుట్టిన గళ్ళచొక్కా ఏదయ్యా?"

"ఎవరికో నెత్తి కమిలిపోయింది. చుట్టకుదురుకిచ్చా."

"ఊళ్ళో నెత్తులన్నిటికీ మనింటి చొక్కాలేనా?"

నవ్వి ఊరుకున్నాడు. ఆ నవ్వు పోయి మూడేళ్ళు.

ఇవాళ ఆమె స్లాబు. వచ్చినవాళ్ళు పిడికెడుమంది. పైన మబ్బు. మధ్యలో ఆగితే అతుకు పడుతుంది. అతుకు దగ్గర బీట, బీటలోంచి వాన. ఏకబిగిన పోయాల్సిందే.

"వాన ముందో మనం ముందో," అన్నాడు నివాల్దో.

కొత్తమనిషి ఇంకో డబ్బా ఎత్తుకున్నాడు. మిగతావాళ్ళు రెండు మోసేలోగా తను మూడు మోశాడు.

జసీరా మనసులో ముల్లు కదిలింది. ఎన్నికలు దగ్గరపడ్డాయి. మొన్ననే ఒక అభ్యర్థి సిమెంటు బస్తాలు పంపితే వాకిట్లోంచే తిప్పికొట్టింది. సిమెంటు వద్దంటే మనిషిని పంపాడన్నమాట.

చినుకు పడేలోగా చివరి డబ్బా పడింది. పరిచిన ఊచలన్నీ మునిగాయి. గబగబా టార్పాలిన్ కప్పారు.

నివాల్దో స్లాబు అంచు నిమిరాడు. "కాంక్రీటు ఎంత బరువైనా మోస్తుంది వదినా, లాగితే తట్టుకోలేదు. ఆ లాగుడు ఇనుము చూసుకుంటుంది. ఒకదాన్నొకటి కావిలించుకున్నాయంటే ఇక విడిపోవు. నీ మనవలు పైన గంతులేసుకోవచ్చు."

జసీరా కళ్ళు తుడుచుకుంది. కుండ దించింది. కొత్తమనిషి కూడా వరసలో నిలబడ్డాడు.

"ఎవరి తరఫునయ్యా నువ్వు?"

"మోద్దామని వచ్చా తల్లీ."

"ఎన్నికలప్పుడు అందరికీ మొయ్యబుద్ధేస్తుంది. పోయి మీ నాయకుడికి చెప్పు, జసీరా ఓటు డబ్బాలకి పడదని. ఈ కుండ ఇరుగుపొరుగుకి. అమ్ముడుపోయినవాళ్ళకి కాదు."

అందరూ పకపకా నవ్వారు.

అతను వరసలోంచి పక్కకు జరిగాడు. ఖాళీ పళ్ళెం బల్ల మీద పెట్టాడు. స్లాబు వైపు ఒకసారి చూశాడు.

"నీళ్ళు పట్టడం మానకు తల్లీ," అని కొండ మెట్లు దిగిపోయాడు.

ఏ కొండవాడివని ఎవరూ అడగలేదు.

తెల్లారి జసీరా నీళ్ళు పట్టడానికి పైకెక్కింది. రేపెప్పుడో వేసే పై అంతస్తు కోసం వదిలిన ఊచలు నిటారుగా నిలబడి ఉన్నాయి. ఒకదానికి అతని చుట్టకుదురు తగిలించి ఉంది.

'మరిచిపోయినట్టున్నాడు' అనుకుంది.

సిమెంటుకు బిగుసుకుపోయిన గుడ్డను మెల్లగా విప్పింది.

వెలిసిపోయిన గళ్ళ మధ్య, తన చేత్తో ఎర్రదారం పోసి కుట్టిన గుండీ ఇంకా ఊడలేదు.