రెండు నిమిషాల నిద్ర

తాత పరుపు మీద వాలడం సేల్స్‌మన్ చూశాడు.

నిద్రలోకి జారడం మాత్రం చూడలేకపోయాడు. మధ్యలో రెప్ప వేసేంత టైం కూడా ఇవ్వలేదు తాత.

పరుపుల షాపులో అదొక పద్ధతి. కొనేవాళ్లు రెండు నిమిషాలు పడుకుని చూడొచ్చు. కాళ్ల కింద ప్లాస్టిక్ షీటు వేస్తారు.

ఈ తాత చెప్పులు చూసి సేల్స్‌మన్ రెండు షీట్లు వేశాడు. అవి ఎంత అరిగాయంటే, చెప్పులు వేసుకున్నాడనడం కంటే పాదాల కింద నీడ పడిందనడం న్యాయం.

పోనీ, పడుకున్నది మామూలు పరుపు మీదా? 'మహారాజు' మీద! దాని ధర విన్నవాళ్లు పడుకోరు, కూలబడతారు. ఏడాదిగా అమ్ముడుపోలేదు.

పొద్దున్నే ఓనరు తేల్చేశాడు. "సాయంత్రంలోగా మహారాజైనా పోవాలి, నువ్వైనా పోవాలి."

అప్పట్నుంచీ సేల్స్‌మన్ కళ్లు గుమ్మానికే అతుక్కుపోయాయి, ఏ కారైనా ఆగుతుందేమోనని. ఆగింది ఈ తాత.

"లే తాతా! టైం అయిపోయింది."

తాత ఒక కన్ను తెరిచాడు. "అప్పుడే చీకటి పడిందా?"

"మిట్టమధ్యాహ్నం."

"అయితే ఇంకా టైముంది," అంటూ కన్ను మూశాడు.

సేల్స్‌మన్ దిండు లాగేశాడు.

తాత లేచి కూర్చున్నాడు. నొచ్చుకోలేదు సరికదా, నవ్వాడు. "అమ్మ ఒళ్లో పడుకున్నట్టుంది బాబూ."

"మీ అమ్మ ఇంత ఖరీదు కాదులే."

తాత దానికీ నవ్వాడు. పరుపుని అరచేత్తో నిమిరి, గొంతు తగ్గించి అడిగాడు. "రాత్రిళ్లు కూడా ఇలాగే నిద్ర పడుతుందా దీనిమీద?"

"రాత్రి పడుకోడానిక్కాకపోతే పగలు పడుకోడానికి చేస్తారా?"

"అది కాదయ్యా. రాత్రి పడుకోవడం నాకు కొత్త. ఇవాళ్టి నుంచే మొదలుపెట్టాలి."

సేల్స్‌మన్ చెవులు నిక్కపొడుచుకున్నాయి. "ఇన్నాళ్లూ రాత్రిళ్లు ఏం చేసేవాడివి?"

"ఇళ్ల చుట్టూ తిరిగేవాణ్ణి."

"ఎవరిళ్లు?"

"అందరివీ. ఏ ఇంటి గడియ వదులో, ఏ ఇంట్లో ఎవరు గురక పెడతారో అడుగు, చెప్తా. ఇప్పుడిక కాళ్లు పరిగెత్తట్లేదు. పరిగెత్తలేకపోతే మా పనిలో లాభం లేదు."

గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకునేవాళ్లని చూశాడుగానీ, గుమ్మడికాయ నెత్తిన పెట్టుకొచ్చి పరుపు బేరమాడేవాణ్ణి సేల్స్‌మన్ ఇదే చూడటం.

"మర్యాదగా బయటికి నడు! నీలాంటివాళ్లకి జైల్లో ఇస్తారు పడక. అక్కడ ఫ్రీ."

తాత ముఖం వాడిపోయింది. "కొనడానికే వచ్చాను బాబూ. మా వీధిలో ఒక అమ్మగారు..."

"అమ్మగారి గొలుసు కూడా కొట్టేశావా? నడు! దీనిమీది దుమ్ము కొనడానిక్కూడా నువ్వు చాలవు."

తాత పరుపు దిగాడు. రెండు షీట్లూ తనే మడతపెట్టాడు. పరుపు మీద ముడత సరిచేశాడు. రోడ్డు దాటి, ఎదురుగా ఉన్న ఇంకో పరుపుల షాపులోకి వెళ్లాడు.

సేల్స్‌మన్ దిండ్లన్నీ సరిచూసుకున్నాడు. 'వాళ్లని దోచుకో నాయనా, నాకేం అభ్యంతరం లేదు,' అని మనసులోనే దీవించాడు.

సాయంత్రమైంది. మహారాజు పోలేదు. ఓనరు మాట తప్పే మనిషి కాదు.

ఇంటికొచ్చేసరికి భార్య గుమ్మంలోనే ఎదురైంది, మొహం నిండా నవ్వుతో.

"పోయాడా మహారాజు?"

"నేను పోయాను. ఉద్యోగం ఊడింది."

నవ్వు ఆగిపోయింది. "అదేంటండీ! మధ్యాహ్నం ఒక తాతని పంపానే! వీధివాళ్లందరం తలా కాస్త డబ్బు వేసుకున్నాం. ఇస్తే మహారాజే ఇవ్వాలని పట్టుబట్టింది నేనే. మీకు ముందే చెప్తే ఊరంతా టాంటాం వేస్తారని చెప్పలేదు."

"ఆ... ఆ దొంగ తాతా?"

"దొంగేంటండీ, పన్నెండేళ్లుగా మీరు కిటికీలు బార్లా తెరిచి గుర్రుపెడుతుంటే, రాత్రంతా కింద కర్ర తాటిస్తూ తిరిగి, నిన్నటితో పని మానేసిన మన వీధి వాచ్‌మన్ ఆయన!"