పరదేశి కంచం

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, వాన చప్పుడులో నా మాట వినబడదు. చిలికా సరస్సు ఒడ్డున రంభ అనే ఊరికి కరెంటు కొత్తగా వచ్చిన రోజుల్లో అక్కడ చిట్టమ్మ అని ఒకావిడ ఉండేది. ఆమె భర్త తవిటయ్య చిలికాలో వల వేసేవాడు, ఆదివారం చర్చిలో సంఘపెద్దగా నిలబడేవాడు. పిల్లలెందరని కొత్తవాళ్ళు అడిగితే లేరని ఊరుకునేవాడు.

ఆ ఇంట్లో ఒక పద్ధతి ఉంది. అబ్రాహాము ఎండనపడి వచ్చిన ముగ్గురు కొత్తవాళ్ళకు కాళ్ళకు నీళ్ళిచ్చి అన్నం పెట్టాడని, తీరా చూస్తే వాళ్ళు దేవదూతలని పాస్టరు చెప్పాడట. అప్పటినుంచి మధ్యాహ్నం తమ కంచాల పక్కన మూడోది కూడా పెట్టేవారు. అది పరదేశి కంచం. ఎవరొచ్చినా తిని వెళ్ళాల్సిందే.

ఆ రోజు ముసురు. అన్నాల వేళకు నిండు చూలాలు ఒకతె తడిసిపోయి గుమ్మంలో నిలబడింది. చిట్టమ్మ చేతిలో గరిటె అలాగే ఆగిపోయింది.

"ఎవులు నువ్వు?" అన్నాడు తవిటయ్య.

ఆ పిల్ల తల ఎత్తలేదు. "పరదేశిని" అంది.

"పరదేశివైతే కూకో. తినీసి ఎల్లు."

చిట్టమ్మ ఆ పిల్ల కాళ్ళు వద్దంటున్నా తనే కడిగింది. వేడన్నంలో చేప పులుసు పోసి, ముళ్ళు తీసి పెట్టింది. మొగుడేడని తవిటయ్య అడిగాడు. వదిలేసిపోయాడంది. చెప్పిన మాట వింటే ఈ గతి పట్టదని ఆయన గోడకేసి చూస్తూ అన్నాడు.

తిన్నాక ఆ పిల్ల గడప పట్టుకుని నిలబడిపోయింది. నడుం లాగేస్తోందని, పురుడయ్యేదాకా వెనక వలల పాకలో పడి ఉంటానని అడిగింది.

"మరియమ్మకి పశువుల పాకైనా దొరికింది గదయ్యా" అంది చిట్టమ్మ.

"అన్నం ఎట్టమన్నారు, ఎట్టినాం. పురుడు పొయ్యమని ఏ వాక్యంల ఉంది?"

చిట్టమ్మ ఆయన కాళ్ళు పట్టుకుంది. ఆయన కదల్లేదు.

"దాని ఎంట నువ్వూ ఎల్తావేటి? ఎల్లు. మరి ఈ గడప తొక్కకు."

చిట్టమ్మ చేతులు జారిపోయాయి. ఆ పిల్ల వానలో స్టేషను దారి పట్టింది.

మర్నాడు గూడ్సు షెడ్డు పక్కన తల్లీ బిడ్డా ఇద్దరూ పోయి ఉన్నారని కబురొచ్చింది. మీ ఇంట్లోంచే వెళ్ళిందట, మీకేమవుతుందని పోలీసు వచ్చి అడిగాడు. ఊరంతా అక్కడే నిలబడి ఉంది. ఒక్కరూ నోరు మెదపలేదు.

"మాకేటీ కాదు" అన్నాడు తవిటయ్య. "ఓ పూట మా ఇంట తిన్న పరదేశి."

శ్మశానంలో దిక్కులేనివాళ్ళ మూలన పాతిపెట్టారు. పిడికెడు మన్ను వేసి వస్తానంటే చిట్టమ్మను పోనివ్వలేదు.

ఈ కథ మరిచిపోకండి, మీ వాళ్ళకూ చెప్పండి. నేను ఆఖరికి దాచిన మాటను మీరూ ఆఖరికే చెప్పండి.

ఆ పరదేశిని కన్నది చిట్టమ్మే.